హద్దురాయి మీదుగా అడుగు: వేట, భూమి, దారి హక్కులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. హెచ్-1బి వీసా మీద నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. నా సహోద్యోగులు ఇద్దరు ఏటా అక్టోబరులో వయోమింగ్ వెళ్ళి ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడతారు. ఈసారి నన్నూ రమ్మంటున్నారు. వాళ్ళు ఎంచుకున్న ప్రభుత్వ భూమి చుట్టూ ఒక పెద్ద రాంచ్, అంటే పశువులను పెంచే ప్రైవేటు క్షేత్రం ఉంది, దారి లేదు. నాలుగు భూములు కలిసే మూల దగ్గర నిచ్చెన వేసుకుని దాటితే తప్పు లేదని కోర్టు చెప్పిందంటున్నారు. అది నిజమేనా? నేను తుపాకి పట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. నిచ్చెన సంగతిలో పొరపాటు పడితే జరిమానాతో పోవచ్చు గాని, తుపాకి సంగతిలో పొరపడితే మీరు ఆ దేశంలోనే ఉండలేని పరిస్థితి రావచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకిని గాని, తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికివచ్చేది ఒకటి: ఏదైనా ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ పేరిట ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు కనుక మీ సహోద్యోగులకు ఇది తట్టకపోవచ్చు. ‘సరదాగా ఒకసారి పట్టుకుని చూడు’ అని స్నేహితుడు చేతికిచ్చిన తుపాకి కూడా ఈ చట్టం కిందికి రావచ్చు. ఉల్లంఘనకు 15 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు, దేశబహిష్కరణ ప్రమాదం దానికి తోడు. కాబట్టి లైసెన్సు చేతికి రానిదే తుపాకి ముట్టుకోకండి. ప్రయాణానికి ముందు వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని ఒకసారి కలవండి. వయోమింగ్‌లో ఇతర రాష్ట్రాల వారికి ఎల్క్ లైసెన్సు లాటరీలో రావాలి. 1966 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారైతే వేట భద్రతా శిక్షణ పూర్తిచేసిన ధ్రువపత్రం కూడా ఉండాలి. అడవిలో తిరిగేటప్పుడు దూరానికి కనిపించే నారింజ లేదా గులాబీ రంగు దుస్తు వేసుకోవడం తప్పనిసరి.

ఇక మూల సంగతి. ఇది 1862లో మొదలైన కథ, అది తెలియకపోతే ఈనాటి గొడవ అర్థం కాదు. ఖండాన్ని అడ్డంగా కలిపే రైలుమార్గం వేయించడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, భూమి మాత్రం కొల్లలుగా ఉంది. అందుకని దారికి ఇరువైపులా ఉన్న నేలను మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళుగా కొలిచి, బేసి సంఖ్య గళ్ళను రైల్వే కంపెనీకి ఇచ్చి, సరి సంఖ్య గళ్ళను తన దగ్గరే ఉంచుకుంది. ఒక్కో గడి 640 ఎకరాలు, దాన్నే సెక్షన్ అంటారు. రైలు వచ్చాక తన గళ్ళ విలువ కూడా పెరుగుతుందన్నది ప్రభుత్వం లెక్క. కాని ఎండిన ఆ మెట్ట నేలల్లో కొనేవాళ్ళు అనుకున్నంతగా రాలేదు. రైల్వే గళ్ళు క్రమంగా పశువుల రాంచ్‌ల చేతికి వెళ్ళాయి, ప్రభుత్వ గళ్ళు ప్రభుత్వానివిగానే మిగిలిపోయాయి. దక్షిణ వయోమింగ్ పటాన్ని ఈనాటికీ చూస్తే చదరంగం బల్ల పరిచినట్టే ఉంటుంది. ఆ బల్ల మీద ఒకే రంగు గళ్ళు మూలల దగ్గర తప్ప మరెక్కడా తాకవు. అంటే ప్రజల భూమి నుంచి ప్రజల భూమిలోకి వెళ్ళాలన్నా హద్దురాయి అనే ఒక్క బిందువు మీదుగానే వెళ్ళాలి, మనిషి భుజాలు మాత్రం బిందువంత సన్నగా ఉండవు. ఇలా మూలల్లో చిక్కుకుపోయిన ప్రజా భూమి పశ్చిమ రాష్ట్రాల్లో 83 లక్షల ఎకరాలు ఉంటుందని ఆన్‌ఎక్స్ అనే పటాల కంపెనీ 2022లో అంచనా వేసింది.

మీ సహోద్యోగులు చెబుతున్న కేసు వయోమింగ్‌లోనే, కార్బన్ కౌంటీలోని ఎల్క్ మౌంటెన్ దగ్గర మొదలైంది. మిస్సోరీ నుంచి వచ్చిన వేటగాళ్ళు 2020లో ఒక మూల దగ్గరకు చేరేసరికి, రాంచ్ వాళ్ళు ఇనుప గుంజలు పాతి, గొలుసు వేసి, ప్రవేశం లేదని పలకలు తగిలించి ఉన్నారు. వాళ్ళు గుంజను పట్టుకుని చుట్టూ తిరిగి అవతలి ప్రభుత్వ గడిలో కాలు పెట్టారు. గుంజనైనా తాకకూడదని మరుసటి ఏడాది ఇనుప నిచ్చెన తెచ్చుకుని, ఒక ప్రభుత్వ గడిలో ఎక్కి ఇంకో ప్రభుత్వ గడిలో దిగారు. అక్రమ ప్రవేశమని వాళ్ళ మీద కేసు పెట్టారు. 2022 వసంతంలో అక్కడి జ్యూరీ వాళ్ళను నిర్దోషులుగా వదిలేసింది. రాంచ్ యాజమాన్య సంస్థ ఐరన్ బార్ హోల్డింగ్స్ అంతకుముందే సివిల్ దావా వేసింది. తమ నేల మీది గాలి కూడా తమదేననీ, దానిలోంచి శరీరం పోనిచ్చినా అతిక్రమణేననీ, ఇందువల్ల తమ ఆస్తి విలువ 70 లక్షల డాలర్లకు మించి పడిపోయిందనీ ఆ సంస్థ వాదన.

2023 మేలో సమాఖ్య జిల్లా న్యాయమూర్తి స్కాట్ స్కావ్‌డాల్ వేటగాళ్ళ పక్షాన తీర్పు చెప్పారు. 2025 మార్చి 18న పదో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే సమాఖ్య కోర్టు పరిధి) అప్పీళ్ళ కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పుకు ఆధారం కొత్త చట్టమేమీ కాదు, 1885 నాటిది. ఆ కాలంలో పెద్ద పశువుల కామందులు తమ గళ్ళ అంచుల వెంబడి తెలివిగా కంచెలు వేసి, మధ్యనున్న ప్రభుత్వ గళ్ళను తమ మేతబీళ్ళుగా మార్చుకున్నారు. ప్రజా భూమిని అలా చుట్టివేయడం గాని, కంచెతోనో బెదిరింపుతోనో అందులోకి పోయేవారిని అడ్డుకోవడం గాని చెల్లదని అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసింది. 1897లో కొలరాడో కంచె కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1914లో ఒక గొర్రెల కాపరి తన మందను ఇలాంటి గళ్ళ మీదుగా తోలుకుపోయిన కేసులోనూ అప్పీళ్ళ కోర్టు కాపరి వైపే నిలిచింది. ఈ వరుసలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ గొర్రెల కాపరి కేసే. ఈనాడు వేటగాడు అడుగుతున్న హక్కును మొదట అడిగినవాడు పశువులు మేపుకునే మనిషి.

ఐరన్ బార్ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2025 అక్టోబరులో కోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. సుప్రీంకోర్టు ఒప్పుకున్నట్టు దీన్ని అర్థం చేసుకోకూడదు. అప్పీళ్ళ కోర్టు తీర్పు దాని పరిధిలోని ఆరు రాష్ట్రాల్లో, అంటే వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూమెక్సికో, కాన్సాస్, ఓక్లహోమాలలో నిలిచిందని మాత్రమే దీని అర్థం. పక్కనే ఉన్న మోంటానా మరో సర్క్యూట్ కిందికి వస్తుంది, అక్కడి వన్యప్రాణి శాఖ మూల దాటడం చట్టవిరుద్ధమేనని చెబుతూ వచ్చింది. తీర్పు మాట్లాడింది ప్రైవేటు నేలను తాకకుండా, దేన్నీ పాడుచేయకుండా దాటిన సందర్భం గురించి. 1885 చట్టం వర్తించేది కూడా సమాఖ్య ప్రభుత్వ భూములకు. పటంలో వేరే రంగులో కనిపించే రాష్ట్ర ప్రభుత్వ గళ్ళకు అదే ధీమా పెట్టుకోకండి. ఫోనులోని జీపీఎస్ కొన్ని అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి, నేలలో పాతిన సర్వే గుర్తు కంటికి కనబడని చోట మూల దాటవద్దనే నా సలహా. మీ సహోద్యోగులు చూపిస్తున్న మూల వయోమింగ్‌లో, సమాఖ్య గళ్ళ మధ్య ఉంటే, హద్దురాయి కనిపిస్తుంటే, వాళ్ళు చెప్పింది నిజమే.

ప్రశ్న: పై తీర్పు గురించి చదివాను. నాకు రాంచ్ యజమాని మీదే జాలి కలిగింది. డబ్బు పోసి కొన్న భూమి మధ్యలోకి తుపాకులతో అపరిచితులు వస్తుంటే ఎవరు ఊరుకుంటారు? మా ఊళ్ళో డొంక దారి గొడవకే తలలు పగిలాయి. కోర్టు యజమాని గోడు వినలేదా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ జాలి అస్థానంలో లేదు. డొంక పోలిక కూడా చక్కగా సరిపోతుంది గాని, దాన్ని కాస్త తిప్పి చూడాలి. మన ఊళ్ళలో డొంకను పొలంలో కలిపేసుకున్నవాడు ‘నా పట్టా భూమి మధ్య నుంచి ఊరంతా నడుస్తోంది’ అంటాడు. ఊరేమో ‘ఆ ముక్క నీ పట్టాలో లేదు’ అంటుంది. వయోమింగ్ గొడవ సారం ఇదే. యజమాని కొన్నది బేసి గళ్ళను. సరి గళ్ళలో అతనికి ఉండగలిగేది మేత హక్కు. 1934లో వచ్చిన టేలర్ చట్టం ప్రకారం రాంచ్‌లు ప్రభుత్వానికి రుసుము కట్టి ఆ గళ్ళలో పశువులను మేపుకోవచ్చు. ఆ అనుమతి గడ్డికి సంబంధించినదే తప్ప, ఇంకొకరిని బయటికి పొమ్మనే అధికారాన్ని ఇవ్వదు. ఇంకో సంగతి కూడా ఉంది. అడవి జంతువు ఎవరి భూమిలో మేస్తున్నా అది ఆ భూస్వామి సొత్తు కాదు. రాష్ట్రం ప్రజల తరఫున దాన్ని కాపాడుతుందన్నది అమెరికా చట్టాల్లో స్థిరపడిన సూత్రం. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే సమాఖ్య పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణి సంరక్షణ కోసం రాష్ట్రాలకు వెళుతోంది. అందుకే వేటగాళ్ళు ‘ఈ జంతువుల పోషణలో మా డబ్బూ ఉంది’ అంటారు.

ఇంత చెప్పాక కూడా యజమాని గోడు మిగిలే ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు రాంచ్ బతుకు తెలియనివాళ్ళు. వేటగాడికి ఎల్క్ మంద కనుల పండుగ. చలికాలం కోసం గడ్డి వాములు వేసుకున్న రైతుకు అదే మంద రాత్రికి రాత్రి వామి మీద పడే దండు. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానం పరిసరాల్లో ఎల్క్‌ల నుంచి పశువులకు బ్రుసెల్లోసిస్ సోకుతుంది. ఆవుల్లో గర్భస్రావాలు తెచ్చే ఈ రోగం ఒక్క పశువులో బయటపడినా మంద మొత్తాన్ని విడిగా ఉంచి పరీక్షలు చేయించాలి, అమ్మకాలు ఆగిపోతాయి. వీటికి తోడు మనుషులు చేసే పనులు ఉండనే ఉన్నాయి: తెరిచి వదిలేసిన గేటు, తెగిన తీగ, తడి దారిలో ట్రక్కు చక్రాలు తవ్విన గాళ్ళు, ఎండుగడ్డిలో వేడి సైలెన్సర్ నుంచి లేచిన మంట. ఒక్క గేటు తెరిచి ఉంటే రెండు మందలు కలిసిపోతాయి, విడదీయడానికి రెండు రోజుల పని. ఇలాంటివి నాలుగైదు సార్లు అనుభవించినవాడు ఆ తరువాత తలుపు తట్టిన మర్యాదస్తుడికి కూడా లేదనే చెబుతాడు.

అయితే రాంచ్ యజమానులందరిదీ ఒకే మాట కాదు. తరతరాలుగా పశువుల మీద బతికే కుటుంబాల్లో చాలామంది అడిగినవారికి ఎంతో కొంత వేటకు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఎల్క్‌లు పలచబడితేనే వాళ్ళ గడ్డి మిగులుతుంది. వయోమింగ్ చట్టం కూడా వాళ్ళను ఆ వైపుకే నడిపిస్తుంది: జింకల వల్ల పంట, గడ్డి పోయాయని రాష్ట్రం నుంచి పరిహారం కోరే భూస్వామి, వేట కాలంలో తన భూమిలో వేటకు అనుమతించి ఉండాలి. జంతువులను తన కోసమే దాచుకుని, నష్టాన్ని మాత్రం ప్రజల ఖజానా మీద వేయడం కుదరదు. ఇది న్యాయమైన ఏర్పాటని నా అభిప్రాయం. చిక్కంతా పశువుల ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏకాంతం కోసమో, వేట హక్కును ఎక్కువ ధరకు గైడ్ సంస్థలకు అద్దెకివ్వడం కోసమో కొన్న భూముల దగ్గర ఎక్కువవుతోంది. అక్కడ గేటుకు తాళం పడితే, వెనకనున్న ప్రజా భూమి కూడా ఆ తాళం వెనకకే పోతుంది.

మోంటానా ఇందుకు ఒక దారి చూపింది. 1985లో మొదలైన బ్లాక్ మేనేజ్‌మెంట్ పథకంలో భూస్వామి రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని తన భూమిని వేటకు తెరుస్తాడు. వేటగాడు డబ్బు కట్టనక్కరలేదు గాని, పేరు రాసి, అనుమతి చీటీ తీసుకుని, యజమాని పెట్టిన నియమాలకు లోబడి వెళ్ళాలి. భూస్వామి మీద పడే భారానికి బదులుగా, లైసెన్సు రుసుముల నుంచి వచ్చే నిధిలోంచి రాష్ట్రం అతనికి చెల్లిస్తుంది. సుమారు 70 లక్షల ఎకరాలు ఈ పద్ధతిలో తెరుచుకుని ఉన్నాయి. కోర్టు తీర్పు మూల దగ్గర ఒక అడుగు వేయనిస్తుంది, ఈ చీటీ వేల ఎకరాల్లో నడవనిస్తుంది. నిచ్చెన కొనబోయే ముందు ఇలాంటి పథకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకమని పై డెన్వర్ పాఠకుడికి కూడా చెబుతున్నాను. వయోమింగ్‌లో దీనికి యాక్సెస్ యస్ అని పేరు.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర వ్యవసాయ కుటుంబం. డాలస్‌కు గంటన్నర దూరంలో 70 ఎకరాలు కొని ముప్పై ఆవులను పెంచుతున్నాం. రాత్రిళ్ళు అడవిపందుల వేటకని కుక్కలతో మనుషులు మా పొలంలోకి వస్తున్నారు. అడిగితే, పక్క పొలంలో కాల్చిన పంది ఇటు వచ్చింది, తీసుకుపోతామంటారు. ఒకసారి కంచె తీగ కూడా కోశారు. పందుల బెడద మాకూ ఉంది కాబట్టి అందరితో తగవు పెట్టుకోవాలని లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: టెక్సాస్ సంగతి వయోమింగ్‌కు పూర్తిగా తలకిందులు. అక్కడ సుమారు 95 శాతం భూమి ప్రైవేటుదే, మూలల్లో చిక్కుకున్న ప్రజా భూమి మాటే దాదాపు రాదు. ఆ రాష్ట్రంలో వేట అంటే భూస్వామి అనుమతి, చాలాచోట్ల రాతపూర్వకమైన కౌలు. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో అడవిపందిని వేటాడడానికి లైసెన్సు కూడా అక్కరలేదు గాని, భూస్వామి ఒప్పుకోలు మాత్రం తప్పనిసరి. లైసెన్సు తీసేశారన్న మాటను కొందరు అనుమతి కూడా తీసేసినట్టు ప్రచారం చేస్తున్నారు, అది అబద్ధం. గాయపడిన జంతువు హద్దు దాటి మీ పొలంలోకి వచ్చినా, మీరు సరేననకుండా దాని వెంట రావడం చట్టవిరుద్ధం. తూటా హద్దు దాటేలా కాల్చడం కూడా అంతే, దానికి ఇరువైపుల భూస్వాముల ఒప్పుకోలు ఉండాలి.

ముందుగా మీ హద్దుల చెట్లకూ గుంజలకూ ఊదా రంగు పూయండి. టెక్సాస్ చట్టంలో ఆ రంగు ప్రవేశం లేదన్న బోర్డుతో సమానం. గీత నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉండాలి, నేల నుంచి 3 అడుగులకు తక్కువ కాకుండా, 5 అడుగులకు మించకుండా వేయాలి, అడవి నేలలో 100 అడుగులకు, బయలు నేలలో 1,000 అడుగులకు మించి ఎడం ఉండకూడదు. బోర్డును రాత్రి పీకేయవచ్చు, రంగును పీకలేరు. ఆ తరువాత వేట చట్టాలను అమలుచేసే అధికారి అయిన కౌంటీ గేమ్ వార్డెన్‌ను కలిసి తీగ కోసిన సంగతి ఫొటోలతో సహా చెప్పండి. రాత్రిపూట ఆయుధాలతో ఉన్నవారిని మీరు ఒంటరిగా నిలదీయవద్దని గట్టిగా కోరుతున్నాను.

పందుల బెడద ఉందన్నారు కనుక, తలుపు మొత్తం మూయడం కన్నా, నమ్మకమున్న ఇద్దరు ముగ్గురికి మీరే కాగితం రాసి ఇవ్వడం మేలు. ఏ రోజుల్లో రావచ్చు, ఏ గేటు గుండా రావాలి, కుక్కలు ఉండవచ్చా, ఆవులు ఏ బీడులో ఉన్నప్పుడు రాకూడదు, వచ్చేముందు ఫోను చేయాలా అన్నవన్నీ ఆ కాగితంలో ఉండాలి. ఒకసారి అలా ఒప్పుకున్నవాళ్ళు మీ కంచెకు కాపలాదారులవుతారు, తమకు దొరికిన చోటును దొంగచాటుగా వచ్చేవాడు పాడుచేయడం వాళ్ళకూ ఇష్టముండదు. వచ్చినవారికి గాయమైతే బాధ్యత మీ మీద పడుతుందన్న భయం ఉంటే, వినోదం కోసం వచ్చేవారి విషయంలో వ్యవసాయ భూస్వాముల బాధ్యతను పరిమితం చేసే చట్టం టెక్సాస్‌లో ఉంది. మీరు తీసుకునే రుసుము మొత్తాన్ని బట్టి, భీమా ఉందా లేదా అన్నదాన్ని బట్టి దాని రక్షణ మారుతుంది కాబట్టి, డబ్బు తీసుకోవాలనుకుంటే ముందు స్థానిక న్యాయవాదికి ఆ ఒప్పందం చూపించండి.

ప్రశ్న: అమెరికాలో భూస్వామి ఒప్పుకుంటే పందిని కాల్చవచ్చట. మాకు అయిదెకరాల వేరుశనగ. పందులు రాత్రికి రాత్రి పెకలించి పోతున్నాయి. మా పొలంలో మేం ఒప్పుకుంటే వేటగాళ్ళను పిలిపించుకోవచ్చా?
— ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: పిలిపించుకోకూడదు. పొలం మీదే అయినా, పందిని చంపించే అధికారం మీది కాదు. టెక్సాస్‌లో అడవిపంది బయటి నుంచి వచ్చి పెరిగిన జంతువు, ఇక్కడ అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు. 2022 సవరణ తరువాత అది రెండో షెడ్యూలులో ఉంది. ఉచ్చు పన్నినా, విషం పెట్టినా, చంపడానికి ప్రయత్నించినా చట్టం దాన్ని వేటగానే చూస్తుంది. అయితే అదే చట్టంలోని 11వ సెక్షన్ మీ కష్టాన్ని విస్మరించలేదు: నిలిచి ఉన్న పంటకు ముప్పు తెచ్చే రెండో షెడ్యూలు జంతువును చంపడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు రాస్తూ లిఖితపూర్వకంగా అనుమతించవచ్చు. అందుకు మీ ఒక్కరి అర్జీ కన్నా చుట్టుపక్కల రైతులంతా కలిసి అటవీ రేంజి అధికారికి ఇచ్చే అర్జీకి బలం ఎక్కువ. పంట పోయిన తెల్లవారే, దున్నకముందే, పాదముద్రలతో సహా ఫొటోలు తీయండి. సర్వే నంబరు, విస్తీర్ణం రాసి, పరిహారం కోసం విడిగా మరో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. పొలం చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతులే ఆ తీగల మీద పడి చనిపోయిన వార్తలు ప్రతి పంట కాలంలోనూ చదువుతున్నాం.